గప్పీల క్రాసింగ్: మగ ఏ లైన్‌ది, ఆడ ఏ లైన్‌ది?

అక్వేరియం షాపులో రెండు మూడు రకాల గప్పీలు కొని ఒకే తొట్టిలో వేస్తే పిల్లలు పుడతాయి, అందులో అనుమానం లేదు. దాన్ని క్రాస్ చేయడం అనలేం. ఏ ఆడది ఏ మగదానితో కలిసిందో తెలియకుండా నాలుగు తరాలు గడిస్తే తోకలు చిన్నవైపోతాయి, రంగులు చుక్కలుగా చెదిరిపోతాయి. చివరికి మిగిలేవి దోమల కోసం కాలువల్లో వదిలే గప్పీల్లాంటివే. రెండు లైన్లను, అంటే ఒకే లక్షణం తరతరాలుగా నిలిచేలా పెంచిన రెండు వంశాలను కలిపి కోరుకున్న మూడోదాన్ని తీయాలంటే మగది ఏ లైన్ నుంచి, ఆడది ఏ లైన్ నుంచి తీసుకోవాలో ముందే తేల్చుకోవాలి. అవి తారుమారైతే ఫలితమూ తారుమారే.

కారణం Y క్రోమోజోములో ఉంది. గప్పీల్లోనూ మనలాగే మగది XY, ఆడది XX. మగచేప ఒంటి మీది రంగులు, మచ్చల జన్యువులు చాలావరకు ఈ రెండు క్రోమోజోముల మీదే ఉంటాయి. కొన్ని గుర్తులు తండ్రి నుంచి కొడుకులకు మాత్రమే వస్తాయని యోహానెస్ ష్మిట్ 1920లో గప్పీల్లోనే చూపించాడు. ఆ జన్యువు Y మీద ఉందని రెండేళ్లకు ఓయ్‌విండ్ వింగె తేల్చాడు. ఇద్దరూ డెన్మార్క్ శాస్త్రవేత్తలే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కోబ్రా గప్పీ ఒంటిమీద పాము చర్మంలాంటి గీతలుంటాయి. ఎక్కువ లైన్లలో ఈ జన్యువు Y మీదే ఉంటుంది. ఇంకో తొట్టిలో లేత ఒళ్లున్న బ్లాండ్ రెడ్ గప్పీలున్నాయి. బ్లాండ్ అనేది అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పైకి కనిపిస్తుంది. మనకు కావలసింది బ్లాండ్ కోబ్రా.

కోబ్రా మగదాన్ని బ్లాండ్ రెడ్ ఆడదానితో కలిపితే మొదటి తరంలో మగవన్నీ కోబ్రాలే. ఒళ్లు మాత్రం అన్నింటికీ మామూలు బూడిద రంగే. చాలామంది ఇక్కడే నిరాశపడి ఆ పిల్లలను వదిలించుకుంటారు. నిజానికి బ్లాండ్ జన్యువు ప్రతి పిల్లలోనూ దాగి ఉంది. ఈ అన్నాచెల్లెళ్లను కలిపితే రెండో తరంలో నాలుగో వంతు బ్లాండ్. వాటిలో సగం మగవి, అంటే మొత్తం పిల్లల్లో ఎనిమిదో వంతు బ్లాండ్ కోబ్రాలు. అంతకన్నా మంచి దారి మొదటి తరం మగదాన్ని బ్లాండ్ రెడ్ లైన్‌లోని కొత్త ఆడదానితో కలపడం. అప్పుడు సగం పిల్లలు బ్లాండ్, మగవన్నీ కోబ్రా, నాలుగో వంతు మనకు కావలసినవే.

అదే బ్లాండ్ రెడ్ మగదాన్ని, కోబ్రా లైన్ ఆడదాన్ని పెడితే? కోబ్రా జన్యువున్న Y ఈ క్రాస్‌లోకి రానే లేదు. ఎన్ని తరాలు పెంచినా కోబ్రా తిరిగి రాదు. కొన్న లైన్‌లో కోబ్రా Y మీద ఉందో X మీద ఉందో అనుమానమైతే, మగదాన్ని సంబంధం లేని మామూలు ఆడదానితో కలిపి చూడాలి. మగ పిల్లలన్నీ కోబ్రాలైతే Y మీదున్నట్టే. ఒక్కటీ కాకపోతే అది కూతుళ్లలోకి వెళ్లిందన్నమాట, మనవల్లో బయటపడుతుంది.

రెండు అంతర్గత లక్షణాలను, అంటే బ్లాండ్‌నూ గోల్డ్ అనే మరో ఒంటి రంగునూ ఒకే చేపలోకి తేవడం ఇంకా ఓపిక పని. రెండో తరంలో పదహారింట ఒకటి అని లెక్క. కానీ పదహారు పిల్లల్లో ఒక్కటీ రాకపోయే అవకాశం మూడో వంతుకు పైనే ఉంది. నూటికి తొంభై అయిదు పాళ్లు భరోసా కావాలంటే యాభై పిల్లలను పెంచాలి.

ఈ లెక్కలన్నీ ఆడది మగదాన్ని ఎరగనిదైతేనే పనిచేస్తాయి. ఆడ గప్పీ మగచేప వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. మగది లేని తొట్టిలో కూడా నెలకోసారి ఈనుతూ పోతుంది. షాపులో కొన్న పెద్ద ఆడచేప దాదాపు ఎప్పుడూ చూలుతోనే ఉంటుంది, దాంతో క్రాస్ మొదలుపెట్టడం దండగ. దాని పిల్లలను పెంచి మూడో వారానికల్లా వేరుచేయాలి. తెల్ల గిన్నెలో వేసి పక్కనుంచి చూస్తే పొట్ట కింది రెక్క ఆడదానికి విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, దానికి కాస్త పైన, పొట్ట చివర నల్లటి మచ్చ లీలగా కనిపిస్తుంది. మగదానికి ఆ రెక్క ముందుభాగం సన్నబడి, మొనదేలడం మొదలవుతుంది. అనుమానం వచ్చినదాన్ని మగ తొట్టిలోనే వేయాలి. ఆడ తొట్టిలోకి ఒక్క మగది దొర్లినా ఆ బ్యాచ్ అంతా వృథా.

సరంజామా పెద్దదేం కాదు. ఇరవై లీటర్ల తొట్లు కనీసం నాలుగైదు, ఒక్కోదానికి స్పాంజ్ ఫిల్టర్, తల్లి నోటికి పిల్లలు చిక్కకుండా గుప్పెడు జావా మాస్ లేదా నాచు. ప్రతి తొట్టి మీద లైన్ పేరు, తేదీ రాసిన చీటీ. నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీలుంటే చాలు. మేడ మీద సిమెంటు తొట్లలో పెంచేవాళ్లు ఎండాకాలంలో షేడ్‌నెట్ కట్టకపోతే నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ పడిపోతుంది. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ పోగొట్టాలి. బోరు నీళ్ల గట్టిదనం గప్పీలకు నచ్చుతుంది, ఆర్‌ఓ నీళ్లే పడవు.

పిల్లలకు మొదటి నెల తిండే వాటి సైజును తేలుస్తుంది. లీటరు నీళ్లలో 25 గ్రాముల కల్లుప్పు, అర టీస్పూన్ ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న పురుగు) గుడ్లు వేసి, అడుగు నుంచి గాలి కొడుతూ 28 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలాగితే పెంకులు పైకి తేలతాయి. అడుగున చేరిన నారింజ రంగు పురుగులను సన్నటి ట్యూబుతో లాగి, మంచినీళ్లలో కడిగి వేయాలి. పెంకులు తింటే పిల్లల పేగు మూసుకుపోతుంది.

జన్యువుల లెక్క తప్పి పోయే క్రాస్‌ల కన్నా రోగంతో పోయేవే ఎక్కువ. వేర్వేరు చోట్ల పెరిగిన రెండు లైన్లు విడిగా నిక్షేపంలా ఉంటాయి, కలిపిన వారం పది రోజులకు ఒక లైన్ మొత్తం రెక్కలు ముడుచుకుని చచ్చిపోతుంది. ఒకదానికి అలవాటైన క్రిములు రెండోదానికి కొత్త. అందుకే అసలు జంటను కలపకముందు రెండు లైన్ల నుంచి పెద్దగా పనికిరాని చేపను ఒక్కోటి తీసి, విడి తొట్టిలో రెండు వారాలు ఉంచి చూడాలి.

రిబ్బన్ రకంతో ఇంకో చిక్కుంది. దాని రెక్కలన్నీ సాగినట్టే మగదాని సంగమ రెక్క కూడా సాగిపోయి కలవడానికి పనికిరాదు. రిబ్బన్ ఆడదాన్ని మామూలు రెక్కలున్న దాని అన్నతో కలపాలి, సగం పిల్లలు రిబ్బన్ వస్తాయి.

వెనిజులాకు చెందిన ఎండ్లర్ అనే చిన్న చేప కూడా గప్పీతో సులువుగా కలుస్తుంది, పిల్లలకు సంతానమూ ఉంటుంది. 2005లో దాన్ని వేరే జాతిగా వర్ణించి, వింగె పేరుతో పొసీలియా వింగేయి అన్నారు. క్రాస్ చేయొచ్చు కానీ ఆ పిల్లలను అసలు ఎండ్లర్లని అమ్మడం మోసం. పుట్టిన సరస్సు పేరుతో వచ్చిన శుద్ధ లైన్ దొరికితే దాని పక్క తొట్టిలో గప్పీలు ఉంచకపోవడమే మేలు, మగ గప్పీలు అంత బాగా ఎగురుతాయి.