21 రోజుల్లో అలవాటైపోద్దా? ఇంకొన్ని అపోహలు - వాస్తవాలు

నేను వైజాగ్‌లో ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ తిరిగి అక్కడ పనిచేసేవాళ్ళ ఆరోగ్యం, అలవాట్లు చూసుకునే పనిలో ఉన్నా, ఎక్కువగా గాజువాక వైపు. ఎక్కడికెళ్ళినా ఇవే మాటలు.

అపోహ: 21 రోజులు వరసగా చేస్తే చాలు.

వాస్తవం: మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు, ఆపరేషనయ్యాక కొత్త మొహానికి అలవాటు పడ్డానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ఆ "కనీసం" కాస్తా దారిలో జారిపోయింది! లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి టీమ్ 96 మందిని గమనిస్తే అలవాటు కుదరడానికి మధ్యరకంగా 66 రోజులు పట్టింది, ఒకరికి 18 అయితే ఇంకొకరికి 254 అని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఇది తెలీక 22వ రోజు ఆగిపోయినవాళ్ళు నా దగ్గరికొచ్చి "నాకు విల్ పవర్ లేదు మేడమ్" అంటారు.

అపోహ: అంతా విల్ పవర్‌లోనే ఉంది.

రుషికొండ వైపు ఒక ఆఫీసు. నాలుగుంబావుకి టీ, ఫ్లాస్కులోనే పంచదార కలిపేసి వచ్చేది, పక్కన బిస్కెట్ల ప్లేటు. షుగర్ ఉన్నాయన కూడా అదే తాగాలి, లేదా అందరూ తాగుతుంటే చూస్తూ కూర్చోవాలి, రోజూ అలా కూర్చోవడం ఎవరి వల్లవుద్ది చెప్పండి. టీ తెచ్చే అన్నతో మాట్లాడి పంచదార డబ్బా విడిగా, నాలుగడుగుల దూరంలో బల్ల మీద పెట్టించాం, అంతే. కావాల్సినవాళ్ళు రెండు చెంచాలు వేసుకున్నారు, కానీ చాలామంది ఒకదాంతో ఆగిపోయారు, మళ్ళీ లేచి వెళ్ళాలంటే బద్ధకం కదా. నా పనికి పెట్టుబడి ఆ బద్ధకమే.

నేనూ బోల్తా పడ్డా. రొయ్యలు ప్రాసెస్ చేసే ఒక యూనిట్‌లో ఆడవాళ్ళకి నీళ్ళు బాగా తాగండి అని అరగంట క్లాసు పీకా. వెనక వరసలోంచి ఒకావిడ: "నీళ్ళు తాగితే బాత్రూమ్‌కి ఎల్లాల గదమ్మా, ఎల్లాలంటే సూపర్‌వైజర్ని అడగాల, గ్లౌజులు ఇప్పాల, మళ్ళీ ఏసుకోవాల, ఈలోపు నా ట్రే ఎవులు సూత్తారు?" నా దగ్గర సమాధానం లేదు. తర్వాత మేనేజర్ల వెంటపడితే ఒక్క లైనుకి మాత్రం రిలీవర్‌ని ఇచ్చారు, సీజన్ ముదిరాక ఆ మనిషినీ తీసేశారు. పోస్టర్ మాత్రం ఇప్పటికీ గోడమీద ఉంది.

అపోహ: రోజుకి 10 వేల అడుగులు వెయ్యకపోతే లాభం లేదు.

1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరొకటి అమ్మారు, దాని పేరుకే "పదివేల అడుగుల మీటర్" అని అర్థం, ఈ నంబర్ అక్కణ్ణుంచి అంటుకుంది. డబ్ల్యూహెచ్‌వో చెప్పేది పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చే నడకైనా సరే. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు కాబట్టి కుదిరినవాళ్ళకి హాయి, కానీ సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, చేసి పొద్దున ఆరింటికి దిగొచ్చినాయన్ని వాకింగ్‌కి పొమ్మనడం ఏం న్యాయం? ఆయనకి ముందు కావాల్సింది కిటికీకి మందపాటి కర్టెను, ఇంట్లోవాళ్ళు మిక్సీ కాసేపు ఆపడం.

అపోహ: ఒక పెద్ద ఈవెంట్ పెడితే ఊపొస్తుంది.

ఊపు వస్తుంది, కాదనను. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షలమంది యోగా చేసినప్పుడు నేనూ వెళ్ళా, నిజంగా బాగుంది. ఆ చాప ఇప్పుడు మా బీరువా మీదుంది.

కంపెనీ ప్రోగ్రామ్ పెడితే మెడికల్ ఖర్చు తగ్గిపోద్దని కూడా హెచ్‌ఆర్ వాళ్ళు నమ్ముతారు. అమెరికాలో దాదాపు 33 వేలమంది ఉద్యోగులున్న ఒక స్టోర్ల కంపెనీలో కొన్ని బ్రాంచీల్లో ప్రోగ్రామ్ పెట్టి, మిగతావి వదిలేసి పోల్చారు, 2019లో వచ్చింది ఆ స్టడీ. ఏడాదిన్నర తర్వాత "మేం వ్యాయామం చేస్తున్నాం" అనేవాళ్ళు పెరిగారు గానీ బీపీ, కొలెస్ట్రాల్, ఖర్చు, సెలవులు, వీటిలో చెప్పుకోదగ్గ తేడా ఏం లేదు. ప్రోగ్రామే వద్దని కాదు నేననేది, క్యాంటీనూ షిఫ్టు చార్టూ ముట్టుకోకుండా యాప్ ఒక్కటీ ఇస్తే ఇలాగే ఉంటది.

మొన్న ఆటోనగర్ నుంచి ఒకరు ఫోన్ చేసి స్టెప్ ఛాలెంజ్ పెట్టమన్నారు. ముందు మీకు టీ తెచ్చే అన్న నంబరివ్వండి అన్నా. ఇంకా పంపలేదు.