మెషిన్ చవక, స్ట్రిప్ ఖరీదు: షుగర్ పరీక్షల మార్కెట్ ఇలా ఎందుకు తయారైంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి గ్లూకోమీటర్లపై, టెస్ట్ స్ట్రిప్పులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. లెక్క ప్రకారం 1,120 రూపాయల స్ట్రిప్పుల డబ్బా 1,050కి రావాలి. మంచిదే. కానీ టైప్-1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు రోజుకు కనీసం నాలుగుసార్లు వేలు గుచ్చి చూడాలి. స్ట్రిప్ ఇరవై రూపాయలనుకున్నా నెలకు 2,400 అవుతుంది. ఇన్సులిన్ ఖర్చు వేరే. మెషిన్ మాత్రం స్ట్రిప్పులు కొంటే దాదాపు ఊరికే ఇచ్చేస్తుంటారు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

అంతకుముందు ఇంట్లో షుగర్ చూసుకోవడమంటే మూత్రంలో చూసుకోవడమే. బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం కలిపి వేడి చేస్తే, షుగర్‌ను బట్టి నీలం రంగు ఆకుపచ్చగా, పసుపుగా, చివరికి ఇటుక రంగులోకి మారేది. అయితే రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే గానీ మూత్రంలో కనిపించదు. పడిపోతే అసలే తెలియదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఉన్నట్టుండి ప్రాణం మీదికి తెచ్చేది ఆ పడిపోవడమే.

1960ల మధ్యలో అమెరికాలోని మైల్స్ లేబొరేటరీస్ కంపెనీ ఏమ్స్ విభాగం డెక్స్‌ట్రోస్టిక్స్ తెచ్చింది. స్ట్రిప్ మీద పెద్ద రక్తపు చుక్క వేసి, సరిగ్గా నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, వచ్చిన రంగును చార్టుతో పోల్చుకోవాలి. ఒకరి కంటికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా కనిపించేది. దాంతో అదే కంపెనీలో ఆంటన్ క్లెమెన్స్ ఆ రంగును కొలిచే మీటర్‌ను తయారుచేశారు. 1970లో మార్కెట్లోకి వచ్చిన ఆ మీటర్ ధర దాదాపు 500 డాలర్లు. డాక్టర్లకే అమ్మేవారు. స్ట్రిప్ ముందు వచ్చింది, దాన్ని చదవడానికి మెషిన్ తర్వాత వచ్చింది. ఈ వ్యాపారం మొత్తానికీ మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

రిచర్డ్ బెర్న్‌స్టైన్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. పన్నెండేళ్ల వయసులోనే టైప్-1 వచ్చిన ఇంజినీర్ ఆయన. రోగులకు మీటర్ అమ్మరు కాబట్టి, డాక్టరైన భార్య పేరు మీద తెప్పించుకున్నారు. రోజుకు చాలాసార్లు చూసుకుంటూ తిండిని, ఇన్సులిన్‌ను సరిచేసుకుంటే ఆరోగ్యం కుదుటపడింది. ఆ సంగతి రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. తన మాట వినాలంటే డాక్టర్ కావాలని 45 ఏళ్ల వయసులో మెడికల్ కాలేజీలో చేరారు. 90 ఏళ్లు బతికి 2025లో కన్నుమూశారు. రోగి తన షుగర్ తానే చూసుకోవచ్చన్న ఆలోచన కంపెనీల దయతో రాలేదు, ఇలాంటివాళ్ల పట్టుదలతో వచ్చింది. 1993లో డీసీసీటీ అధ్యయనం టైప్-1 రోగుల్లో షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచితే కళ్లు, కిడ్నీలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గుతుందని తేల్చాక ఎవరికీ సందేహం మిగల్లేదు.

ఈలోగా 1987లో మెడిసెన్స్ కంపెనీ పెన్ను సైజు మీటర్ తెచ్చింది. రంగు చూసే పని పోయింది. స్ట్రిప్ మీద పూసిన ఎంజైమ్ రక్తంలోని గ్లూకోజ్‌తో కలిసినప్పుడు పుట్టే కరెంటును మీటర్ కొలుస్తుంది. ఇప్పటి స్ట్రిప్పుల్లో చాలావాటికి ఒక మైక్రోలీటర్ రక్తం కూడా అక్కర్లేదు. ఆ ఎంజైమ్‌కు తేమ పడదు. అందుకే డబ్బా మూత వెంటనే బిగించమంటారు. మూత తీసి వదిలేస్తే రీడింగ్ తప్పొచ్చు.

ఒక కంపెనీ స్ట్రిప్ సాధారణంగా ఇంకో కంపెనీ మీటర్‌లో పనిచేయదు. మెషిన్ ఒకసారి ఇంట్లోకి వస్తే ఏళ్ల తరబడి అదే డబ్బా కొనాలి. అసలు ధరకూ అమ్మే ధరకూ మధ్య ఎంత గాలి ఉందో 2013లో అమెరికాలో బయటపడింది. వృద్ధుల కోసం అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ పోటీ టెండర్లు పిలిచేసరికి పోస్టులో పంపే స్ట్రిప్పులు, ల్యాన్సెట్లు (వేలు గుచ్చే సూదులు) వంటి సామాన్లకు చెల్లించే ధర సగటున 72 శాతం తగ్గింది. తర్వాత బేయర్, జాన్సన్ అండ్ జాన్సన్ ఈ వ్యాపారాన్ని అమ్మేసి తప్పుకున్నాయి.

మన దగ్గర 2014లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సాయంతో ఐఐటీ బాంబే, బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ తయారుచేసిన చవక మీటర్లను, స్ట్రిప్పులను కేంద్రం ఆర్భాటంగా విడుదల చేసింది. ఇంటింటికీ చేరాల్సిన ఆ ప్రయత్నం మార్కెట్‌ను మార్చలేకపోయింది. 2021 జులైలో మందుల ధరలను నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ గ్లూకోమీటర్ సహా అయిదు పరికరాలపై వ్యాపారుల మార్జిన్‌కు 70 శాతం పరిమితి పెట్టింది. అంతకుముందు ఈ పరికరాల్లో కొన్నిటిపై మార్జిన్ 709 శాతం దాకా ఉందని ప్రభుత్వమే చెప్పింది. ఆ జాబితాలో పేరు గ్లూకోమీటర్‌ది. నెలనెలా జేబుకు చిల్లు పెట్టేది మాత్రం స్ట్రిప్పే.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. వీళ్లందరికీ రోజూ పరీక్ష అక్కర్లేదు. ఇన్సులిన్ వాడని టైప్-2 రోగులకు ఇంట్లో పరీక్షల వల్ల కలిగే లాభం స్వల్పమని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్ష చెప్పింది. టెన్షన్‌తో పొద్దునా సాయంత్రం గుచ్చుకునేవాళ్లు ఒకసారి డాక్టర్‌ను అడగడం మంచిది. అసలు అవసరం ఇన్సులిన్ మీద బతికే పిల్లలది, గర్భిణులది. ఇప్పుడొస్తున్న, చేతికి అంటించుకునే సెన్సర్లలోనూ పాత లెక్కే: చాలావాటిని పది పదిహేను రోజులకోసారి మళ్లీ కొనాలి. ధర వేలల్లో.

కేరళలో టైప్-1 పిల్లల కోసం ‘మిఠాయి’ పథకం ఉంది. ఇన్సులిన్‌తోపాటు షుగర్ చూసుకునే సాధనాల ఖర్చునూ ప్రభుత్వమే భరిస్తుంది. జీఎస్టీలో తగ్గిన డెబ్బై రూపాయల కన్నా తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ముందుగా చూడాల్సింది ఆ పథకాన్నే.