సోడా పడేలోపే రంగు సమంగా పరుచుకోవాలి

కొత్త నూలు బట్ట మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడిందంటే దారంలో గంజి, పత్తి మైనం ఇంకా ఉన్నట్టే. అక్కడ రంగూ సరిగ్గా ఇంకదు. లీటరు నీటికి 2 గ్రాముల సోడా యాష్ (సోడియం కార్బొనేట్ పొడి), కాస్త సబ్బుపొడి వేసి గంటసేపు ఉడికించి జాడిస్తే, చుక్క పడగానే ఇంకిపోతుంది. రంగు మాట ఆ తర్వాతే.

నూలుకి నమ్మదగ్గవి రియాక్టివ్ రంగులు. 1956లో ఐసీఐ సంస్థ ప్రోసియాన్ పేరుతో వీటిని మొదట అమ్మకానికి తెచ్చింది. ఇవి నూలు పోగులోని సెల్యులోజ్‌తో ఏకంగా రసాయన బంధమే వేసుకుంటాయి. నీళ్ళలో నూలుకీ రంగుకీ రెండింటికీ రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ వికర్షణను తగ్గించి రంగును దారం దగ్గరికి చేరుస్తుంది. అలా చేరిన రంగు ఇంకా అటూ ఇటూ కదలగలదు. సోడా పడి క్షారం పెరిగిందా, ఎక్కడిదక్కడే బిగుసుకుంటుంది. మచ్చతో సహా.

పావు కిలో బట్టకి 5 లీటర్ల నీళ్ళు, 5 గ్రాముల రంగు, 250 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల సోడా యాష్. వంటసోడా దీనికి పనికిరాదు. తక్కువ వేడిలోనే పట్టే కోల్డ్ బ్రాండ్ రకం రియాక్టివ్ రంగులకి 35–40 డిగ్రీల గోరువెచ్చటి నీళ్ళు చాలు. మూతికి గుడ్డ కట్టుకుని, రంగుపొడిని ముందు చెంచాడు చన్నీళ్ళతో ఉండల్లేకుండా ముద్ద చేసి, పల్చన చేసి వడకట్టి ఆ నీళ్ళలో కలపండి. కరగని ఒక్క రేణువు చాలు, చుక్క పడడానికి. బట్టను తడిపి, నీళ్ళు పిండేసి, రంగునీళ్ళలో దించండి. ఉప్పును మూడు విడతలుగా, పది నిమిషాలకోసారి వెయ్యండి. సోడాను వేరే నీళ్ళలో కరిగించి చల్లార్చి, బట్టను పక్కకి జరిపి కొంచెం కొంచెంగా పొయ్యండి. బట్ట మీద నేరుగా పోస్తే చార తప్పదు. ఆపైన గంటసేపు ఉంచాలి, మొదటి పావుగంట చెయ్యి ఆపకూడదు.

స్టీలు గిన్నె విశాలంగా ఉండాలి. పోచంపల్లి నేతగాళ్ళు నూలుకి బిగించి కట్లు కట్టి రంగు అందకుండా చేస్తారు. ఇరుకు బకెట్లో నలిగిన మడత ఆ పని అడక్కుండానే చేసిపెడుతుంది.

బోరునీళ్ళలోని కాల్షియం కొన్ని రంగుల్ని ముద్ద కట్టిస్తుంది, వాననీళ్ళు మేలు.

కొంత రంగు నీటితోనే బంధం వేసుకుని వృథా అవుతుంది. అదే తర్వాత పక్కబట్టలకి అంటేది. చన్నీళ్ళలో జాడించి, మరిగే సబ్బునీళ్ళలో పది నిమిషాలుంచి, నీళ్ళు తేటపడేదాకా కడగండి. సమంగా పట్టిందో లేదో ఆరాకే చూడండి, తడిలో రంగు ముదురుగా కనిపిస్తుంది. కుట్లు పాలిస్టర్ దారంతో ఉంటే మాత్రం బట్టంతా ఎర్రబడ్డా అవి తెల్లగానే మిగులుతాయి.