లావా రాయి ఇచ్చే అంకెను ఎప్పుడు నమ్మాలి?

హవాయిలో 1960లో పారిన లావా, రాళ్లను బట్టి పూర్వకాలపు భూమి అయస్కాంత క్షేత్రం తీవ్రతను కొలిచేవాళ్లకు జవాబు ముందే తెలిసిన లెక్క. అప్పుడు అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 36 మైక్రోటెస్లాలు (క్షేత్ర బలానికి కొలమానం). అవే రాళ్లను ప్రామాణిక పద్ధతిలో కొలిచిన జపాన్ పరిశోధకులు 2003లో ప్రచురించిన సగటు 49. మూడో వంతుకు పైగా ఎక్కువ! నిన్నమొన్నటి లావాయే ఇలా తప్పు చెబితే, కోట్ల ఏళ్ల నాటి లావా మాటేమిటి?

సూత్రం మాత్రం సులువైనదే. 580 డిగ్రీల సెల్సియస్ దాటితే లావాలోని మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజంలో శాశ్వత అయస్కాంతత్వం ఉండదు. లావా చల్లారుతూ అంతకంటే కిందికి దిగాక, ఒక్కో రేణువు అయస్కాంతత్వం దాని పరిమాణాన్ని, ఆకారాన్ని బట్టి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర బిగుసుకుంటుంది. అన్నిటి అయస్కాంతత్వమూ క్షేత్రం వైపే తిరగదు. మొత్తం మీద ఆ వైపు కాస్త మొగ్గు ఉంటుంది, అంతే. భూమి క్షేత్రం బలహీనమైనది కాబట్టి (భూమధ్యరేఖ దగ్గర సుమారు 30, ధ్రువాల దగ్గర సుమారు 60 మైక్రోటెస్లాలు) ఆ మొగ్గు క్షేత్ర బలానికి అనులోమంగా ఉంటుంది. అదే రాయిని మనకు తెలిసిన క్షేత్రంలో మళ్లీ వేడిచేసి చల్లార్చి, పాత అయస్కాంతత్వాన్ని కొత్తదానితో పోలిస్తే నిష్పత్తి దొరుకుతుంది.

చిక్కల్లా వేడిచేయడంలోనే ఉంది. ఒకేసారి 600 డిగ్రీలకు తీసుకెళ్తే ఖనిజాలే మారిపోవచ్చు, మారాయని తెలిసే దారీ ఉండదు. ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్, ఒడెట్ టెలియే దంపతులు 1959లో వివరంగా ప్రకటించిన పద్ధతి దీనికి పరిష్కారం: మెట్లుమెట్లుగా వెళ్లడం. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1967లో రాబర్ట్ కో దానికి చేసిన మార్పు.

నీళ్లు పోస్తూ వజ్రపు బిట్‌తో 2.5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కడ్డీలు తీసి, రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ పొడవున ముక్కలు కోస్తారు. బయటి క్షేత్రాన్ని అడ్డుకునే కవచం లోపల కొలిమి ఉంటుంది. ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా రెండుసార్లు వేడిచేయాలి. మొదట క్షేత్రం లేకుండా చల్లారిస్తే పాత అయస్కాంతత్వంలో కొంత పోతుంది. మళ్లీ అదే ఉష్ణోగ్రతకు వేడిచేసి, తీగచుట్టతో 40 మైక్రోటెస్లాలు ఇస్తూ చల్లారిస్తే కొత్తది కొంత చేరుతుంది. 100, 200, 300 అంటూ మొదలుపెట్టి, 500 దాటాక మెట్లు 10, 20 డిగ్రీలకు తగ్గిస్తారు. ఆ చివరి భాగంలో కొద్ది డిగ్రీల్లోనే చాలా అయస్కాంతత్వం పోతుంది కాబట్టి, రెండుసార్లూ ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీల్లోపు కలవాలి. ముక్కను కొలిమిలో ప్రతిసారీ అదే చోట పెట్టాలి.

చేరినదాన్ని అడ్డంగా, మిగిలినదాన్ని నిలువుగా గీస్తే కిందికి వాలే సరళరేఖ రావాలి. వాలు 0.8 అయితే పాత క్షేత్రం 0.8 × 40, అంటే 32 మైక్రోటెస్లాలు.

గీత తిన్నగా వచ్చినంత మాత్రాన నమ్మకూడదు. అందుకే 400 డిగ్రీల దాకా వెళ్లాక వెనక్కి వచ్చి, 300 దగ్గర మళ్లీ క్షేత్రంలో చల్లార్చి చూస్తారు. చేరిక మునుపటిలాగే ఉంటే సరే. పెరిగితే ఈలోగా కొత్త మాగ్నెటైట్ పుట్టినట్టు. చేరిక పెరిగేకొద్దీ వాలు తగ్గి, క్షేత్రం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అక్కడి నుంచి వచ్చిన బిందువులను వదిలేయాలి. శ్రమంతా వృథా అయినట్టు అనిపించినా, తన తప్పును తానే బయటపెట్టుకోవడమే ఈ పద్ధతి గొప్పతనమని మా అభిప్రాయం.

రెండో గండం రేణువుల పరిమాణం. ఒక మెట్టులో పోయినది, చేరినది మిగతా మెట్లతో సంబంధం లేకుండా ఉండాలన్నది టెలియే నియమం. చాలా సన్నని రేణువులు దీన్ని పాటిస్తాయి. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన పెద్ద రేణువుల లోపల వేర్వేరు దిశల్లో అయస్కాంతత్వం ఉన్న అనేక మండలాలు ఉంటాయి గనుక అవి పాటించవు. అప్పుడు గీత మొదట నిటారుగా, తర్వాత వాలుగా వంగుతుంది. నిటారు ముక్కను మాత్రమే తీసుకుంటే క్షేత్రం ఎక్కువగా, రెండో ముక్కను తీసుకుంటే తక్కువగా వస్తుంది. హవాయి రాళ్ల విషయంలో ఆ పరిశోధకులు చూపిన కారణం వేరు: లావా చల్లారుతుండగానే ఆక్సీకరణ సాగి, కొత్త ఖనిజం పెరుగుతూ అయస్కాంతత్వం పొందింది. ఇలాంటి తప్పును, వెనక్కి వచ్చి మళ్లీ చూసే పై పరీక్ష పట్టుకోలేదు, ఎందుకంటే ఆ మార్పు కొలిమిలో జరిగింది కాదు.

మన రాజమహేంద్రవరం దగ్గరి లావా పొరల్లో దిగువది ఉత్తర దక్షిణాలు తిరగబడిన క్షేత్రాన్ని, పైది నేటిలాంటి క్షేత్రాన్ని చూపుతాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావాతో వాటిని ముడిపెట్టడానికి ఆ దిశలు ఎంతో ఉపయోగపడ్డాయి. దిశ తెలియడానికి తర్వాత అంటిన అయస్కాంతత్వాన్ని తొలగిస్తే చాలు. తీవ్రతకు మాత్రం రేణువులు పుట్టినప్పటిలాగే మిగిలి ఉండాలి. ఎండావానల్లో మాగ్నెటైట్ ఆక్సీకరణ చెంది మాగ్‌హెమైట్ అనే ఖనిజంగా మారితే, అది కొలిమిలో హెమటైట్ అనే మరో ఇనుప ఖనిజం అయిపోతుంది, లెక్క చెడుతుంది.

కాబట్టి క్వారీలో కొత్తగా తెగిన ముఖం నుంచే రాయి తీయాలి. కొండ శిఖరాలపై పిడుగులు పడి రాళ్ల అయస్కాంతత్వాన్ని మార్చేసి ఉండవచ్చు. అక్కడ మామూలుకు మించిన బలమైన అయస్కాంతత్వం, పక్కపక్క ముక్కల్లో పొంతన లేని దిశలు కనిపిస్తాయి. కొలతకు ముందే కొంచెం పొడిని వేడిచేసి చల్లారుస్తూ దాని అయస్కాంత గ్రహణశీలతను (క్షేత్రంలో పెడితే ఎంత సులువుగా అయస్కాంతత్వం పొందుతుందో) చూడాలి. చల్లారే గీత వేడెక్కే గీత మీదుగానే వెనక్కి రాకపోతే ఆ రాయిని పక్కన పెట్టాలి. నిలిచినవాటిలోనూ ఒకే లావా పొరలో త్వరగా చల్లారిన అంచు, నెమ్మదిగా చల్లారిన నడిమి భాగం ఒకే అంకె ఇస్తున్నాయో లేదో సరిచూడాలి.