ఆవుకు నాలుగు పొట్టలు లేవు: పశువైద్యంలోకి వచ్చేవాళ్ల అపోహలు

బీవీఎస్సీలో (పశువైద్య డిగ్రీలో) సీటు వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే. "మేడం, అనాటమీ అంటే బట్టీ కొట్టడమేగా?" అనాటమీ అంటే ఒంటి నిర్మాణం గురించిన చదువు. మొదటి ఏడాది, కళేబరాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండుతుంటే, ఎముకల పేర్లు వల్లెవేస్తూ నేనూ అలాగే అనుకున్నాను. పాకలో పశువు ముందు నిలబడ్డాక గానీ సంగతి తెలియలేదు.

అపోహ: ఆవుకు నాలుగు పొట్టలు.

వాస్తవం: పొట్ట ఒక్కటే, గదులు నాలుగు: రూమెన్, రెటిక్యులం, ఒమేజం, అబోమేజం. రెటిక్యులం లోపలి గోడ అచ్చం తేనెపట్టులా ఉంటుంది. దానికి ముందు డయాఫ్రం, అంటే ఛాతీని పొట్టను వేరుచేసే కండరపు పొర. ఆ పొరకు అవతలే గుండె. ఈ వరస ఎందుకు గుర్తుండాలంటే, ఆవు మేతను సరిగా నమలకుండానే మింగేస్తుంది. గడ్డిలో ఇనుప తీగముక్కో మేకో ఉంటే రెటిక్యులంలో చేరి, గది ముడుచుకున్నప్పుడల్లా ముందుకు గుచ్చుకుంటూ గుండె పొర దాకా పోవచ్చు. "మేత మానేసిందమ్మా" అంటాడు రైతు, అంతే. ముందుకాళ్లు ఎడం చేసి నిలబడ్డం, మెడ మీద జుగులర్ సిర తాడులా ఉబ్బడం, గంగడోలులో నీరు దిగడం మనమే చూసుకోవాలి.

అపోహ: ఆవును చదివితే గుర్రమూ వచ్చేసినట్టే. రెండూ గడ్డి తినేవేగా!

వాస్తవం: ఆవులో పీచు చాలావరకు రూమెన్‌లో అరిగితే, గుర్రంలో పెద్దపేగులో అరుగుతుంది. గుర్రానికి పిత్తాశయమే లేదు. ఇక కోడికి మనలాంటి డయాఫ్రం ఉండదు, రొమ్ము ఆడితేనే ఊపిరి. రొమ్ము నొక్కిపట్టి పరీక్ష చేస్తే చేతిలోనే ఊపిరాడక చస్తుంది.

అపోహ: ఫిజియాలజీ (ఒళ్లు ఎలా పనిచేస్తుందో చెప్పే చదువు) పరీక్ష రాసి మర్చిపోయే సబ్జెక్టు.

వాస్తవం: పాలజ్వరం చూడండి. పేరులోనే జ్వరం, థర్మామీటర్ పెడితే మాత్రం తరచూ మామూలు కన్నా తక్కువే. ఈనగానే జున్నుపాలలోకి కాల్షియం పోయి, రక్తంలో దాని మోతాదు పడిపోతుంది. దాంతో కండరాలు సహకరించవు. నా మొదటి కేసులో ఆవు మెడను డొక్క మీదికి తిప్పుకుని పడుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి. కాల్షియం సీసా రైతు చేతికిచ్చి, స్టెతస్కోపు గుండె మీద పెట్టి, చుక్కచుక్కగా సిరలోకి ఎక్కించాను. వేగంగా ఎక్కితే గుండె ఆగిపోవచ్చు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. కాసేపటికి ఆవు ఒళ్లు వణికింది, త్రేన్చింది, పేడ వేసింది. ఆ పేడ చూసి నేను పడ్డ సంతోషం ఇంట్లో చెబితే ఎవరికీ అర్థం కాలేదు.

అపోహ: పెద్ద పశువుల పని ఆడపిల్లల వల్ల కాదు.

వాస్తవం: చూడి పరీక్షకు పేడదారిలోంచి చెయ్యి పెట్టి తడిమి చూడాలి, దానికి సన్నటి చెయ్యే సుఖం. ఆవుతో బలానికి మగవాడైనా గెలవడు, దానికి తాడుంది.

అపోహ: పై పళ్లు లేవంటే ముసలి పశువే.

వాస్తవం: ఆవు, గేదె, మేక, గొర్రెలకు పై దవడ ముందు పళ్లు పుట్టుకతోనే ఉండవు. గట్టి చిగురుంటుంది. కింది ఎనిమిదింటిని బట్టే వయసు కడతారు. సంతలో "రెండు పళ్లది, నాలుగు పళ్లది" అనేది అదే లెక్క. ఒకాయన ఆవును కొని, మోసపోయానని మా ఆసుపత్రికి తోలుకొచ్చాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. వరండాలో కట్టేసిన మేక నోరు తెరిచి చూపించాల్సి వచ్చింది.