స్కాండినేవియా కొండమొక్కలు మంచుయుగాన్ని ఎక్కడ గడిపాయి?

ఉత్తర ఐరోపా మొక్కల చరిత్రపై పీహెచ్‌డీకి దిగే విద్యార్థికి పరిశోధనాంశంతో పాటు ఒక పాత తగాదా కూడా వారసత్వంగా వస్తుంది. సుమారు 21,000 ఏళ్ల కిందట, చివరి మంచుయుగం ముదిరిన దశలో, నేటి నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లు దాదాపు పూర్తిగా మంచు కింద ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ మంచు మందం రెండు మూడు కిలోమీటర్లు ఉండేదని అంచనా. ఇప్పుడు అక్కడి కొండలపై పూస్తున్న మొక్కలు మంచు కరిగాక బయటి నుంచి వలస వచ్చాయా, లేక మంచు మధ్యలోనే ఎక్కడో ప్రాణం నిలుపుకున్నాయా అన్నదే ఆ తగాదా.

వలస వాదానికి తొలి గట్టి ఆధారం 1870లో దొరికింది. స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ నాథోర్స్ట్, ఇరవై ఏళ్లు కూడా నిండని వయసులో, దేశపు దక్షిణ కొసనున్న స్కోనే ప్రాంతపు బంకమట్టిలో ధ్రువప్రాంత మొక్కల ఆకుల శిలాజాలను గుర్తించాడు. ఎనిమిది రేకుల తెల్లపువ్వు పూసే డ్రయాస్ మొక్క ఇలాంటి పొరల్లో ఎంత తరచుగా కనిపిస్తుందంటే, మంచుయుగం చివర మళ్లీ విరుచుకుపడిన చలిదశకే ఆ పేరు పెట్టారు. మంచు వెనక్కి తగ్గుతుంటే మొక్కలు దాని అంచు వెంబడి ఉత్తరానికి నడిచాయన్న మాటకు ఈ ఆకులు సాక్ష్యమిచ్చాయి.

అయితే కొన్ని మొక్కలు ఈ కథలో ఇమడలేదు. ఉత్తర అమెరికాలోనూ గ్రీన్‌లాండ్‌లోనూ పెరుగుతూ, నార్వే కొండల్లో కనిపిస్తూ, ఆల్ప్స్‌లో మాత్రం లేని జాతులు కొన్ని ఉన్నాయి. ఇంకొన్ని దక్షిణ నార్వేలో ఒకచోట, ఉత్తర నార్వేలో మరోచోట మాత్రమే ఉండి, నడుమ వందల కిలోమీటర్ల మేర కనబడవు. దక్షిణం నుంచి నడిచి వచ్చినవైతే ఇలా ఎందుకుంటాయని అడిగినవారు, మంచుపై తలెత్తి నిలిచిన రాతి శిఖరాలే వాటికి ఆశ్రయమిచ్చాయన్నారు. గ్రీన్‌లాండ్ ప్రజలు అలాంటి శిఖరాన్ని నూనటాక్ అంటారు. సిద్ధాంతానికీ అదే పేరు స్థిరపడింది. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త రట్గర్ సెర్నాండర్ 1896లో దీన్ని ప్రతిపాదించగా, ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో నార్వేలో దీనికి బలమైన సమర్థకులు దొరికారు. నా దృష్టిలో ఈ వాదనలోని లోపం ఒకటే: ఒక మొక్క నేడు ఎక్కడుందో పటం చెబుతుంది గానీ, అక్కడికి ఎప్పుడు చేరిందో చెప్పదు. ఒకే పటాన్ని ముందు పెట్టుకుని రెండు పక్షాలూ దశాబ్దాల పాటు వాదించుకోగలగడానికి కారణం అదే.

కాలం చెప్పగల ఆధారం సరస్సుల అడుగు బురదలో ఉంది. 1916లో స్వీడన్ భూవిజ్ఞాన శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ పొరపొరలోని పుప్పొడిని లెక్కించే పద్ధతిని లోకానికి పరిచయం చేశాడు. గొట్టంతో తోడిన బురదను ఆమ్లాలతో శుద్ధి చేసి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో రేణువునూ గుర్తించి లెక్కించడం నేటికీ పరిశోధక విద్యార్థుల నెలలను మింగేసే పని. ఇందులోనూ చిక్కు ఉంది. పైన్ రేణువుకు రెండు గాలితిత్తులుంటాయి, అది గాలిలో వందల కిలోమీటర్లు పోగలదు. కాబట్టి పది రేణువులు కనిపించినంత మాత్రాన ఆ ఒడ్డున పైన్ చెట్టు ఉందని చెప్పలేం.

డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక మొదట వలస వాదమే బలపడింది. నార్వేకు ఉత్తరాన ధ్రువసముద్రంలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల మొక్కలపై 2007లో వెలువడిన అధ్యయనం, విత్తనాలు సముద్రాన్ని దాటి పదేపదే, పలు దిక్కుల నుంచి అక్కడికి చేరాయని చూపింది. 2012లో మాత్రం సంచలనం రేగింది. ఉత్తర నార్వేలో మంచు త్వరగా తొలగిన ఆండోయా దీవి సరస్సు బురదలో 22,000 ఏళ్ల నాటి పైన్ డీఎన్‌ఏ, సుమారు 17,700 ఏళ్ల నాటి స్ప్రూస్ (పైన్ లాంటిదే మరో సూదిఆకుల చెట్టు) డీఎన్‌ఏ దొరికాయని ఒక బృందం ప్రకటించింది. చెట్లే బతికాయంటే చిన్న మొక్కల సంగతి చెప్పనక్కర్లేదు. కానీ అదే ఏడాది ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు: ఆకు, సూదిఆకు, విత్తనం వంటి కంటికి కనిపించే అవశేషం లేకుండా కేవలం డీఎన్‌ఏను ఎలా నమ్మాలి? బయటి నుంచి కలుషితమై ఉండవచ్చు కదా?

ఆ దీవి సరస్సులనే మరింత నిశితంగా పరిశీలించి 2020లో వెలువరించిన అధ్యయనంలో తేలిన దృశ్యం వేరు. బురదలో లిటిల్ ఆక్ అనే చిన్న సముద్రపక్షి ఎముకలు దొరికాయి. పక్షుల గుంపులు వదిలిన రెట్ట ఎరువై, మంచు అంచున ధ్రువప్రాంతపు చిన్న మొక్కలు ఏపుగా పెరిగాయి. చెట్లు బతకగలిగే వాతావరణం మాత్రం అక్కడ కనబడలేదు. మరోవైపు, ఐరోపాలో అరుదైన రెండు ధ్రువప్రాంత మొక్కల జన్యువులను పోల్చి 2011లో ప్రచురించిన పరిశోధన, వాటి స్కాండినేవియా సంతతి మంచుయుగాన్ని అక్కడే దాటి ఉండవచ్చని చెబుతోంది. అందువల్ల ఇప్పుడు ఈ రంగంలోకి వచ్చే విద్యార్థుల ముందున్న ప్రశ్న చెట్ల గురించి కాదు. అరచేతిలో ఇమిడే, పుప్పొడి అంతంతమాత్రంగా రాల్చే ఈ చిన్న మొక్కల జాడను కాలం తేల్చిన బురద పొరల్లో పట్టుకోవడం ఎలా అన్నదే.