మరకలు ఆగాయని తలుపు తీశాం

ఎంవీపీ కాలనీలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. అందులో మేం నలుగురం, లాబ్రడార్ మగకుక్క ఒకడు, వీధిలోంచి తెచ్చుకున్న చిట్టి. చిట్టి మొదటిసారి ఎదకొచ్చినప్పుడు పది రోజులు గట్టిగానే కాపలా కాశాం. పదకొండో రోజు నేలమీద ఎర్ర మరకలు కనపడలేదు, హమ్మయ్య అనుకుని తలుపు తీసేశాం. డాబా మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి రెండూ అతుక్కుని ఉన్నాయి. కంగారులో చెంబుడు నీళ్లు కొట్టాను, అదింకో తప్పు. మగదాని అంగం మొదట్లో ఉండే గడ్డ లోపల ఉబ్బి బిగుసుకుంటుంది, లాగితే రెండింటికీ దెబ్బే. అరగంటలోపు మామూలుగా అదే వదులుతుంది.

మనం నెలసరి లెక్కతో చూస్తాం, అక్కడే పప్పులో కాలేస్తాం. మనుషుల్లో అండం వృథా అయ్యాక రక్తం పడుతుంది. కుక్కల్లో అండాలు తయారవుతుండగానే, ఈస్ట్రోజెన్ పెరిగి గర్భసంచి రక్తనాళాలు ఉబ్బి రక్తం కారుతుంది. ఆ తొమ్మిది పది రోజులూ మగది దగ్గరికొస్తే ఆడది పళ్లు చూపిస్తుంది. తర్వాత రంగు పలచబడుతుంది, నడుం మీద చెయ్యేస్తే తోక పక్కకి జరుపుతుంది. అసలు గండం అప్పుడు మొదలు! కొన్నిటికి చివరిదాకా ఎరుపే ఉంటుంది కాబట్టి రంగుని నమ్మకుండా నాలుగు వారాలు విడిగా ఉంచండి. విడుదలైన అండం పండటానికే రెండు మూడు రోజులు పడుతుంది, వీర్యకణాలేమో లోపల వారందాకా బతికి కాచుకుంటాయి, అందుకే "ఒక్కసారేగా" అన్నమాట చెల్లదు. డైపర్ నేలని కాపాడుతుంది, అంతే.

మగాడి అవస్థ చూడాలి. తలుపు సందులో ముక్కుపెట్టి, చిట్టి ఉచ్చ పోసిన చోట నాకి, పళ్లు టకటకలాడిస్తూ నురగ కక్కేవాడు. ఆ వాసన ముందుపళ్ల వెనక అంగిట్లో ఉండే ఇంకో ఘ్రాణాంగానికి చేరుతుంది, తిట్టి లాభం లేదు. గాజువాకలో పిన్ని ఇంటికి పంపేశాం. "ఏటిరా నీ కొడుకు, మూడ్రోజులై అన్నం ముట్టట్లేదు" అని ఫోను.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎదలో ఉండగా సాధారణంగా చెయ్యరు, రక్తస్రావం ఎక్కువవుతుందని రెండు మూడు నెలలు ఆగమంటారు. మగదానికి చేయించినా కొన్ని వారాలు వీర్యకణాలు మిగిలే ఉంటాయి, అదే రోజు కలిపెయ్యకండి.

మగాణ్ణి పంపేశాక చిట్టి ఒక తెల్లవారుజామున పట్టీ వదిలించుకుని పావుగంట కనపడలేదు. రెండు నెలలకి ఐదు పిల్లలు. ఒకే ఈతలో ఇద్దరు తండ్రులు ఉండటం కుక్కల్లో మామూలే. మూడింటివి లాబ్రడార్ మొహాలు, మిగతా రెండూ మాత్రం అచ్చం వాచ్‌మన్ కుర్చీ కింద పడుకునే నల్లోడిలానే ఉన్నాయి.